“చిన్న గుంట కదా, దానికేటి తెలుసు” అనేవాళ్ళకి ఏం చెప్పాలి?

వందనాలమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీరుండేది రాయగడలో, పాపకి తొమ్మిదేళ్ళు. గుణుపురంలో మీ మరిది పెళ్లికి వెళ్తే, డీజే ముందు పాప ఒక ఐటెం సాంగ్‌కి ఫోన్లో చూసి నేర్చుకున్న స్టెప్పులన్నీ వేసింది. చుట్టాలంతా ఈలలు వేశారు, నోట్లు తలచుట్టూ తిప్పి చేతిలో పెట్టారు. మీ ఆడపడుచు వీడియో తీసి రీల్ పెట్టింది. మీకు కడుపులో దేవినట్టయింది. అత్తగారేమో “చిన్న గుంట కదా, దానికేటి తెలుసు” అని నవ్వేశారు. సంఘం పాస్టరు అయ్యగారిని అడిగితే “పిల్లలూ పాపములో పుట్టినవాళ్ళే, బెత్తం వదలకండి” అన్నారు. అసలు పసితనంలో నిర్దోషత్వం అనేది ఉందా లేదా, ఫోను, టీవీ పూర్తిగా మానిపించాలా, ఆడపడుచుతో ఏం మాట్లాడాలి అని మీరు అడుగుతున్నారు.

నా సంగతి ఒక్క ముక్క. పర్లాకిమిడిలో ఒక బాప్టిస్టు సంఘంలో 29 ఏళ్ళుగా సండే స్కూలు చెప్తున్నాను. వేదాంత కాలేజీ గుమ్మం తొక్కలేదు. నా దగ్గర చదివిన పిల్లలు, ఇప్పుడు వస్తున్న వాళ్ళ పిల్లలు, వాళ్ళ విషయంలో నేను చేసిన తప్పులు, ఇదే నా చదువు.

ముందు జవాబు చెప్పేస్తాను. పాపని కొట్టకండి, తిట్టకండి, ఆ రోజు గుర్తొస్తే సిగ్గుపడేలా చేయకండి. పసితనం నిజమే. అది పాపం అంటని స్థితి అని బైబిలు ఎక్కడా చెప్పదు. కానీ పెద్దవాళ్ళు దాన్ని పాడు చేయగలరనీ, చేస్తే లెక్క అప్పజెప్పాల్సింది ఆ పెద్దవాళ్ళేననీ గట్టిగా చెబుతుంది. ఫోను తీసేయడం ఇందులో చిన్న పని. పిల్లల్ని చూస్తూ మనం ఏ రకంగా సంతోషపడుతున్నామో గమనించుకోవడం పెద్ద పని.

అయ్యగారి మాట దగ్గర మొదలుపెడతాను. “నేను పాపములో పుట్టినవాడను” అని 51వ కీర్తనలో ఉంది, నిజమే. అన్నదెవరు? దావీదు. వేరొకరి భార్య బత్షెబ విషయంలో తప్పు చేసి, నాతాను ప్రవక్త వచ్చి నిలదీశాక, రాజుగా ఉన్న పెద్దమనిషి తన గురించి తాను ఏడుస్తూ అన్న మాట. దాన్ని తీసుకెళ్ళి ఉయ్యాల్లో ఉన్న బిడ్డ మీద చదవడం నాకెప్పుడూ నచ్చలేదు.

అలాగని పిల్లలు దేవదూతలని నేననను. సుమారు 1,600 ఏళ్ళ కిందట ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను తన జీవితం గురించి రాసుకుంటూ, తాను చూసిన ఒక చంటివాడి సంగతి చెప్పాడు. ఇంకా మాటలు రాలేదు. అయినా పక్కన ఇంకో బిడ్డ పాలు తాగుతుంటే ఆ చంటివాడు మొహం పాలిపోయి గుర్రుగా చూశాడట. ఆయన పెద్ద పండితుడు కాబట్టి దానికి అంత పేరొచ్చింది. వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి, మా వీబీఎస్‌లో సమోసాలు పంచే రోజు వచ్చి చూస్తే మనకీ అదే కనిపిస్తుంది. పక్కవాడి సమోసా కొంచెం పెద్దదైతే ఏడేళ్ళవాడు ప్రార్థన మధ్యలోనే కళ్ళు తెరిచి కొలుస్తాడు.

అంటే అసూయ ఉంది, మొండితనం ఉంది, చిన్న చిన్న అబద్ధాలూ ఉన్నాయి. లేనిది మాయ. ‘అమాయకుడు’ అన్న మాటలోనే అది ఉంది. వాడికి అసూయ పుడితే మొహం మీద కనిపిస్తుంది, దాన్ని మర్యాద వెనక దాచడం ఇంకా రాదు. ఐగుప్తు నుంచి బయల్దేరిన ఇశ్రాయేలు పెద్దవాళ్ళు దాదాపు అందరూ దారిలోనే రాలిపోయినప్పుడు, వాగ్దాన దేశానికి వెళ్ళేది “మంచిచెడ్డలు ఎరుగని” మీ పిల్లలు అంటాడు మోషే. యోనా గ్రంథం చివర్లో దేవుడు నీనెవె పట్టణం మీద జాలిపడుతూ కుడియెడమలు ఎరుగని లక్షా ఇరవై వేల మందిని లెక్కలోకి తెస్తాడు. బైబిలు పిల్లల్ని ఎక్కువ పొగడదు, ఎక్కువ అనుమానించదు కూడా.

(దీని మీద మా ఇంట్లోనే రెండు పక్షాలున్నాయి. మా చిన్నమ్మ కోడలిది జయపురం, లూథరన్లు. వాళ్ళు నెలల బిడ్డకే బాప్తిస్మం ఇప్పిస్తారు. మేమేమో బిడ్డని ప్రార్థనతో దేవునికి ప్రతిష్ఠించి, తనంతట తాను ఒప్పుకునే వయసు వచ్చేదాకా ఆగుతాం. ప్రతి క్రిస్మస్ భోజనాల దగ్గరా ఈ వాదన ఉంటుంది, ఎవరూ గెలవరు. కానీ రెండు చోట్లా బిడ్డని చేతుల్లో పెట్టుకుని మాట ఇచ్చేది పెద్దవాళ్ళే. ఆ మాట ఇచ్చామన్న సంగతి పెళ్లి పందిట్లో మర్చిపోతాం.)

పెళ్లి పందిరి అన్నాను కాబట్టి, మార్కు సువార్త 5, 6 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదవండి. అయిదో అధ్యాయంలో యాయీరు కూతురు, పన్నెండేళ్ళ పిల్ల. చనిపోయిందని ఇంటి నిండా ఏడుపులు. యేసు ఆ గుంపుని బయటికి పంపేసి, తల్లినీ తండ్రినీ తన శిష్యుల్లో ముగ్గురినీ మాత్రమే లోపలికి తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని “చిన్నదానా, లెమ్ము” అంటాడు. లేచాక ఆయన చెప్పిన సంగతులు రెండు. ఇది ఎవరికీ తెలియనివ్వకండి. పిల్లకి తినడానికి ఏమైనా పెట్టండి.

ఆరో అధ్యాయంలో ఇంకో పిల్ల. హేరోదు రాజు పుట్టినరోజు విందు. పెద్ద పెద్ద అధికారులంతా పంక్తిలో ఉన్నారు. ఆయన భార్య హేరోదియ కూతురు వచ్చి నాట్యం చేసింది, అందరూ ముచ్చటపడ్డారు. రాజు పొంగిపోయి నీకేం కావాలో అడుగు అన్నాడు. తెలుగు బైబిల్లో ఇక్కడ కూడా “ఆ చిన్నదానితో” అనే ఉంటుంది. గ్రీకులోనూ రెండు చోట్లా ఒకటే మాట, కొరాసియోన్, చిన్నపిల్ల అని. ఆ పిల్ల ఏం చేసింది? బయటికి వెళ్ళి తల్లిని అడిగింది, ఏం అడగమంటావని. ఏది కావాలంటే అది ఇస్తానని రాజు ఒట్టు పెడితే ఆ పిల్లకంటూ ఒక్క కోరిక నోటికి రాలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను తల రూపంలో తల్లి పగ పళ్ళెంలో వచ్చింది.

చాలామంది బోధకులు ఈ రెండో పిల్లని చెడ్డపిల్ల కింద చెప్పేస్తారు. నాకు మాత్రం ఆ పిల్ల మీద జాలి. ఒక ఇంట్లో గుంపుని బయటికి పంపి పిల్లని కాపాడారు. ఇంకో ఇంట్లో గుంపు ముందుకి పిల్లని తెచ్చారు. మీ పాప డాన్స్ చేసిందని కాదమ్మా మీ కడుపులో దేవింది. పిల్లని చూసి పెద్దవాళ్ళు ఆ పాటలో హీరోయిన్‌కి వేసే ఈల వేశారు, అందుకు. మీకలా అనిపించడం సరైనదే.

ఇప్పుడు నా తప్పు చెప్తాను, లేకపోతే ఎదుటివాళ్ళని మాత్రమే అన్నట్టు ఉంటుంది. 2016లో సెమీ క్రిస్మస్, అంటే క్రిస్మస్‌కి ముందు జరిపే ప్రోగ్రాంకి ఆడపిల్లల డాన్స్ నాకు అప్పజెప్పారు. మాటలు యేసయ్యవే, బీటు మాత్రం సినిమాది. అంతకుముందు ఏడాది ఒక పాప మా క్రీస్తు జనన నాటకంలో గొర్రెపిల్ల వేసింది. మైదా జిగురుతో ఒంటికి దూది అంటించాం. ఒక ముక్క ముక్కు మీద పడి తుమ్ములే తుమ్ములు. స్టేజీ మీద కాలు జారి పడింది, లేచింది, మోచెయ్యి గోక్కుంది, కింద కూర్చున్న వాళ్ళమ్మని వెతుక్కుని చెయ్యి ఊపింది, తర్వాత మళ్ళీ గొర్రెయిపోయింది. ఎవరు చూస్తున్నారో దానికి పట్టలేదు.

ఆ పాపే 2016 రిహార్సల్లో మా హాల్లో ఉన్న ఇనప బీరువా అద్దం ముందు నిలబడి, మెడ వంచి, కళ్ళు పక్కకి తిప్పి, నన్ను అడిగింది. “టీచర్, ఇక్కడ నవ్వాలా, పెదవి కొరకాలా? వీడియోలో అక్క కొరుకుతాది.” పదేళ్ళ పిల్ల. పెదవి ఎందుకు కొరుకుతారో దానికి తెలియదు. కానీ తనని చూసేవాళ్ళ కళ్ళతో తనని తాను చూసుకోవడం నేర్చేసుకుంది. నేర్పింది ఆ వీడియో ఒక్కటే కాదు, లిప్‌స్టిక్ కొనిపెట్టిన నేను కూడా. ఏదెను తోటలో పండు తిన్నాక మొదట జరిగింది ఏమిటి? వాళ్ళ కన్నులు తెరవబడ్డాయి, ఒంటి మీద బట్ట లేదన్న సంగతి తెలిసింది. అంతకుముందూ బట్ట లేదు, కానీ ఆ చూపు లేదు. పసితనం అంటే నాకు ఆ బీరువా అద్దం దగ్గర అర్థమైంది.

ఆపానా? ఆపలేదు. ప్రోగ్రాం ఇంకో రెండు రోజుల్లో ఉంది, డ్రెస్సులకి డబ్బులు వసూలు చేసేశాం, సంఘ పెద్దల పిల్లలు కూడా ఉన్నారు. వన్స్ మోర్ కూడా అడిగారు. తర్వాతి ఏడాది నుంచి మానేశాను, దానికి కొందరు తల్లులు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

మత్తయి 18లో తిరుగటిరాయి మాట మీకు తెలిసే ఉంటుంది. “ఈ చిన్నవారిలో ఒకనిని అభ్యంతరపరచువాడెవడో” వాడి మెడకి రాయి కట్టి సముద్రంలో ముంచేస్తే వాడికే మేలు అంటాడు యేసు. మా పిల్లలకి ఈ వాక్యం చెప్పాలంటే ఎంత తంటానో. ఇక్కడ బడిలో ఒడియా, లేదంటే ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో నోటితోనే. కంఠత వాక్యం బోర్డు మీద ఒడియా అక్షరాల్లో తెలుగు రాస్తాను, గడగడా చదివేస్తారు. అర్థం అడిగితే ‘అభ్యంతరం’ అంటే ‘నాకు ఇష్టం లేదు అనడం’ అంటారు. వాళ్ళ తప్పు కాదు, ఇవాళ ఆ మాట వాడేది అలాగే. గ్రీకులో దీని మూలం స్కాందలోన్ అనే మాట. బోనులో ఎర తగిలించే పుల్ల. అందుకని ఒకసారి ఇంట్లో ఉన్న ఎలుకల బోను తీసుకెళ్ళి చూపించాను. లోపల వంకీకి ఎండుకొబ్బరి ముక్క గుచ్చి, తలుపు ఎత్తి పెట్టి, పెన్సిల్‌తో ముక్కని కదిపితే తలుపు టప్పుమని పడింది. “ఎలుకది తప్పా?” అని అడిగాను. “కొబ్బరి పెట్టినోడిది” అని అరిచారు. ఆ వాక్యానికి నేను విన్న వ్యాఖ్యానాల్లో ఇంతకంటే మంచిది లేదు. ఆ అధ్యాయంలో యేసు పిల్లవాడిని మధ్యలో నిలబెట్టాడు గానీ వాడికి ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వలేదు, గమనించండి. చెప్పిందంతా చుట్టూ ఉన్న పెద్దలకే.

ఈ ‘సుఖమే లోకం’ అన్న ధోరణి ఫోనుతో వచ్చిందని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. మా చిన్నప్పుడు మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు ఊళ్ళలో తిరనాళ్ళకి రికార్డింగ్ డాన్సులుండేవి. ముందు వరసలో గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేది పిల్లలమే. ఇప్పసారా తెమ్మని పిల్లల చేతికే సీసా ఇచ్చి పంపేవారు. మా కాలం బంగారమేం కాదు. ఇప్పుడు ఎర ఊళ్ళోకి వచ్చి వెళ్ళిపోకుండా జేబులో ఉంటోంది, అదొక్కటే తేడా. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు అంత్యదినాల మనుషుల జాబితా ఒకటి ఇస్తాడు. చివరికొచ్చేసరికి “దేవునికంటె సుఖానుభవము నెక్కువగా ప్రేమించువారు” అంటాడు. ఆ జాబితాలో ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళే.

ఇంకో పొరపాటు కూడా వద్దు. సుఖలాలస తప్పు కదా అని సంతోషాన్నే ఇంట్లోంచి తరిమేసే క్రైస్తవ కుటుంబాలు నాకు తెలుసు. ఆట వద్దు, పాట వద్దు, పండగ పూట పక్కింటి అరిసె కూడా వద్దు. అలాంటి ఇళ్ళలో పెరిగిన పిల్లలు పద్దెనిమిది దాటగానే ఎటు పరుగెత్తారో కూడా చూశాను. జెకర్యా ప్రవక్త యెరూషలేము బాగుపడే రోజు గురించి చెబుతూ, వీధులు ఆటలాడే మగపిల్లలతో ఆడపిల్లలతో నిండి ఉంటాయంటాడు. యేసు సంతవీధిలో పిల్లల ఆట చూశాడు. పెళ్లాట ఆడదామని పిల్లనగ్రోవి ఊదితే పక్కవాళ్ళు డాన్స్ చేయలేదని అలిగిన పిల్లలు. ఆయన ఆ ఆటని తప్పు పట్టలేదు. మీ పాప డాన్స్ కూడా ఆపకండి. ఇంట్లో మీరిద్దరూ కలిసి ధింసా వేయండి, మీకు రాకపోతే ఇంకా మంచిది.

ఫోను సంగతి. పూర్తిగా మానిపించడం కుదరదు. హోంవర్కు వాట్సాప్‌లోనే వస్తుంది, మీరు దాస్తే పక్కింట్లో చూస్తుంది. నాకు తెలిసిన ఇళ్ళలో పనిచేసింది ఒకటే, ఇంట్లో అందరి ఫోన్లూ రాత్రి హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కి పెట్టడం, నాన్నది కూడా. నాన్నది మినహాయిస్తే వారంలో ఆ పద్ధతి పోతుంది. పాప చూసే రీల్స్ పక్కన కూర్చుని చూడండి, “ఇదెందుకు నచ్చింది?” అని నిజంగా తెలుసుకోవాలని అడగండి, పోలీసులా కాదు.

ఏమీ తోచని మధ్యాహ్నాలు కూడా పిల్లలకి మిగల్చాలి. పోయిన వేసవిలో మా మనవడు వచ్చాడు, ఎనిమిదేళ్ళు. ఫోను ఇవ్వకపోతే మొదటి మూడు రోజులు ఇల్లు పీకి పందిరేశాడు. తర్వాత ముంజెలు తిని పారేసిన తాటిబుర్రలు రెండు ఏరుకొచ్చి, మధ్యలో పుల్ల గుచ్చి, పంగకర్రతో తోసుకుంటూ బండి చేశాడు. నేను నేర్పలేదు, వీధి పిల్లలు నేర్పారు. గంటలో ఒక చక్రం ఊడింది, వచ్చి మళ్ళీ ఫోను అడిగాడు. ఇది గెలుపు కథేం కాదు. కానీ ఆ గంట సేపు తనని ఎవరైనా చూస్తున్నారా అని ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

చివరిగా చాలా ముఖ్యమైనది: పసితనం కాపాడడం అంటే ఏమీ చెప్పకుండా పెంచడం కాదు. పౌలు కొరింథీయులకి రాసింది చూడండి. దుష్టత్వము విషయమై శిశువులుగా ఉండండి, బుద్ధి విషయమై పెద్దవారై ఉండండి అన్నాడు. రెండూ ఒకే వాక్యంలో. మా దగ్గర ఒక బాబు కొన్ని నెలలపాటు క్లాసులో ముడుచుకుని కూర్చునేవాడు. అడగ్గా అడగ్గా, ఇంటికొచ్చే ఒక పెద్దాయన ఫోన్లో చెడ్డ వీడియోలు చూపిస్తున్నాడని చెప్పాడు. వాడికి దాన్ని చెప్పడానికి మాటల్లేవు. ఎందుకంటే ‘పిల్లల దగ్గర అలాంటివి మాట్లాడకూడదు’ అని మేమెవ్వరం వాడికి ఆ మాటలు ఇవ్వలేదు. సంఘంలో కొందరు పరువు పోతుంది, ప్రార్థన చేద్దాం అన్నారు. ప్రార్థన చేశాం, ఫిర్యాదూ ఇచ్చాం. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి అలాంటివి చూపించడం కూడా నేరమే. తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పకుండా దాచడమూ నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098, ఒడిశాలోనైనా ఆంధ్రాలోనైనా అదే. మీ పాపకి ఒంటి భాగాల పేర్లు, ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదు, ఎవరైనా “అమ్మకి చెప్పకు” అంటే వెంటనే అమ్మకే చెప్పాలి అన్న సంగతి తెలియాలి. అది తెలిసినంత మాత్రాన అమాయకత్వం పోదు. యేసు తన దగ్గరికి వస్తున్న నతనయేలు అనే మనిషిని చూసి “ఇతనియందు ఏ కపటమును లేదు” అన్నప్పుడు అతను చిన్నపిల్లాడేం కాదు.

పాపతో ఏం మాట్లాడాలంటే, నేనైతే డాన్స్ బాగుందా లేదా అన్న జోలికే పోను. “ఆ రోజు అందరూ ఈలలు వేస్తుంటే నీకెలా అనిపించింది?” అని అడిగి ఊరుకుంటాను. బాగుంది అనొచ్చు. భయమేసింది అనొచ్చు. రెండూ అనొచ్చు. వినండి. ఆ డబ్బులు మాత్రం లాక్కోకండి, అది పాపకి శిక్షలా తగులుతుంది.

ఇక ఆడపడుచు. నలుగురిలో అనకండి, స్టేటస్‌లో వాక్యాలు పెట్టి దెప్పకండి. విడిగా వెళ్ళండి, పాపని తీసుకెళ్ళకండి. “వదినా, నువ్వు ముద్దుగా ఉందనే పెట్టావు, నాకు తెలుసు. కానీ కింద కామెంట్లు ఎవరు పెడుతున్నారో ఒకసారి నువ్వే చదువు” అని ఫోను ఆమె చేతికే ఇవ్వండి. వాదించకండి, ఆమె చదివేదాకా కూర్చోండి. తీసేస్తే అక్కడితో వదిలేయండి. తీయకపోతే మీ ఆయన చేత అడిగించండి, తమ్ముడో అన్నో అడిగితే వేరు. అప్పటికీ కాకపోతే ఆ యాప్‌లోనే చిన్నపిల్లల వీడియో అని రిపోర్ట్ కొట్టే చోటు ఉంటుంది, కొట్టేయండి. చుట్టరికం ఆరు నెలల్లో సర్దుకుంటుంది. అత్తగారికి మాత్రం నేను ఏమీ చెప్పను, వచ్చే ఆదివారం ఆవిడని కూడా గుడికి తీసుకెళ్ళి, మార్కు ఆరో అధ్యాయం చదివే వంతు ఆవిడకి ఇప్పించండి.